ఎడమవైపు తోకలు

దేవకృప పచ్చడికి దోసకాయ కోసి చేదు చూస్తుండగా, భర్త లూకా వంటింట్లోకి వచ్చి గట్టు మీద పెన్‌డ్రైవ్ పెట్టాడు.

"కృపా, గిందుల రెండు ఫొటోల ఫోల్డర్లున్నయ్. ఒకటి నాది, ఇంకోటి డోరాది. ఆమెవి సుత జెర సాఫ్ చేసి పెట్టు. శనివారంలోపు గావాలె."

ఆ వారంలో ఆ ఇంట్లో డోరా పేరు వినబడటం అది పదకొండోసారి. దేవకృప లెక్కపెడుతూనే ఉంది.

"ఆవిడకు చేసుకోవడం రాదాండీ?"

"మా చుక్కల క్లబ్బుల కొత్తగ షురూ చేసింది పాపం. గానీ ఆమె చెయ్యి చూడాలె! మొన్న టెలిస్కోప్ వెనక స్క్రూలు తిప్పమని ఇచ్చిన. ఒక్క గంటల నేర్చింది. గట్లాంటోళ్లకు నేర్పిస్తే మనకూ ఖుషీ ఉంటది."

నోట్లో ముక్క కటిక చేదుగా తగిలింది. ఉమ్మేయాలని కూడా తోచలేదామెకు. నమిలి మింగేసింది.

లూకా గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "అన్నట్టు, ఆదివారం క్లబ్బుల కొత్తోళ్లకు క్లాసు. ఫొటోలు ఎట్ల సాఫ్ చేసుడో నేనే చెప్పాలె. నువ్వు చేసేటివన్నీ ఒకటి, రెండు, మూడు అని కాగితం మీద రాసియ్యి. నాకర్థమయ్యేటట్టు."

స్క్రూలు. ఆ ఒక్క మాట దగ్గరే ఆమె మనసు ఆగిపోయింది. నాలుగేళ్ల కిందట మారేడ్‌పల్లిలోని ఈ ఇంటికి టెలిస్కోప్ వచ్చింది. మనిషి నడుమంత లావు గొట్టం, అడుగున ఒక పెద్ద అద్దం, పైన ఒక చిన్న అద్దం. ఆ రెండూ ఒకదాని ముఖం ఒకటి సరిగ్గా చూసుకుంటేనే చుక్క చుక్కలా కనబడుతుందని, అందుకోసమే గొట్టం వెనక స్క్రూలున్నాయని లూకా వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. మొదటి వారంలో ఆమె మేడెక్కి సరదాగా ఆ స్క్రూల మీద చెయ్యి వేసింది. "ముట్టకు! అలైన్‌మెంట్ పోతది!" అని అరిచాడు. పొయ్యి దగ్గరికెళ్లిన పసిపిల్లను కసిరినట్టు. ఆ తర్వాత ఆమె ముట్టలేదు. ఆమె వంతు పని వేరే ఉండేది. బ్యాటరీ చార్జింగు పెట్టడం, ఫ్లాస్కులో టీ పోయడం, స్వెట్టరు, దోమల చుట్ట, మర్నాడు మంచుకు తడిసిన గుడ్డలు ఆరేయడం. "మొగోడికి ఏదో ఒక పిచ్చి ఉంటది," అనేది అత్తగారు కాంతమణి. "తాగుతలేడు, తిరుగుతలేడు. చుక్కలు చూస్తుండు. చూస్తే నీదేం పోయింది?"

అసలు పని ఆ తర్వాత మొదలయ్యేది. టెలిస్కోప్ తీసిన ఒక్కో ఫొటోలో ఏమీ ఉండదు. నల్లటి గుడ్డ మీద పాలచుక్క ఒలికినట్టు ఒక మరక. అలాంటివి ఎనభై ఫొటోలు ఒకదాని మీద ఒకటి పేర్చాలి. మూత పెట్టి తీసిన చీకటి ఫొటోల్లో కెమెరా చెత్తను పట్టుకుని, అసలు ఫొటోల్లోంచి దాన్ని తీసేయాలి. అప్పుడు వెలుగును కొంచెం కొంచెంగా పైకి లాగాలి. ఎక్కువ లాగితే చుక్కలు ఉడికిపోయిన బియ్యంలా పగిలిపోతాయి. దేవకృప పగలు ఫొటో ల్యాబులో పెళ్లి ఆల్బములు చేస్తుంది. ఆ ఆల్బముల అడుగున యజమాని సదాశివ ముద్ర ఉంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి చుక్కల ఫొటోలు చేస్తుంది. వాటి అడుగున లూకా పేరుంటుంది. ఏ తేడా లేదు, ల్యాబులో జీతమిస్తారు, అంతే.

ఇంకో సంగతి ఉంది. లూకా తీసిన ప్రతి ఫొటోలో, ప్రతి చుక్కకూ ఎడమవైపు కిందికి చిన్న తోక ఉండేది. చుక్కలంటే అలాగే ఉంటాయేమో అనుకుంది మొదట్లో. వేరేవాళ్ల ఫొటోలు చూశాక తెలిసింది, చుక్కలు గుండ్రంగా ఉంటాయని. "ఏవండీ, అద్దం కాస్త పక్కకు ఒరిగినట్టుంది," అంది ఒకసారి భయపడుతూ. "నీకు పెళ్లి ఫొటోల సంగతి తెలుసు. గిది సైన్సు," అని నవ్వాడు. అప్పట్నుంచి పెళ్లికూతుళ్ల మొటిమలు తీసే కంప్యూటర్ బ్రష్షుతోనే వేల చుక్కల తోకలు ఒక్కొక్కటిగా కత్తిరిస్తూ వచ్చింది. నొప్పి పుట్టిన మణికట్టుకు జండూబామ్ రాసుకుంటే, "మౌసు పట్టుకుంటే సుత నొస్తదా?" అంది అత్తగారు.

మర్నాడు ల్యాబులో అన్నాల వేళ, ఒక చేత్తో కలిపిన ముద్ద అలాగే పట్టుకుని, దేవకృప డోరా ఫోల్డరు తెరిచింది. పని చేయడానికి కాదు. వెతకడానికి. ఏం దొరకాలో ఆమెకే తెలియదు, దొరుకుతుందని మాత్రం తెలుసు.

నలభయ్యో ఫొటో పెద్దది చేసి చూసేసరికి ముద్ద గిన్నెలో పడింది.

ఎడమవైపు కిందికి తోక. అదే పొడవు. అదే వంపు. ఈ తోకను నాలుగేళ్లుగా కత్తిరించిన మనిషికి సాక్ష్యం ఇంకేం కావాలి? ఈ ఫొటోలు తన ఇంటి టెలిస్కోప్ తీసినవే. కానీ ఆ టెలిస్కోప్ రెండు నెలలుగా బోయిగూడలో క్లబ్బు గదిలో, బీరువాలో తాళం వేసి ఉంటుందని, ఆదివారాలు మాత్రమే బయటికి తీస్తారని లూకా చెప్పాడు. ఫొటో మీద తేదీ చూసింది. 2011 ఫిబ్రవరి 8, మంగళవారం, సాయంత్రం ఏడూ ఇరవై. మంగళవారం ఆఫీసులో ఆడిట్ అన్నాడు. రైల్వే ఆఫీసులో ఏ ఆడిట్ చుక్కల కింద జరుగుతుంది? గుండెలో మంట లేచింది. లూకా చెయ్యి డోరా చేతి మీద ఉండటం, ఆ చేతి కింద స్క్రూ తిరగడం, ఇద్దరూ నవ్వుకోవడం, అన్నీ వరసగా కనబడ్డాయి. డోరా ముఖం ఎలా ఉంటుందో తెలియదు కాబట్టి ఆ వారం తను సరిదిద్దిన పెళ్లికూతురి ముఖమే పెట్టి చూసుకుంది. మొటిమ కూడా లేని ముఖం.

క్లబ్బు సభ్యుల పట్టికలో డోరా నంబరు దొరికింది. "లూకాగారి భార్యను. ఫొటోల గురించి మాట్లాడాలి," అంది.

"అయ్యో, రండి వదినా!" అంది అవతలి గొంతు, ఒక్క క్షణం కూడా తడబడకుండా. ఆ తడబడకపోవడమే ఇంకా మండించింది.

గురువారం ల్యాబు నుంచి నేరుగా నేరేడ్‌మెట్ ఆటో ఎక్కింది. తలుపు తీసింది డోరా తల్లి రోసమ్మ. అడగకుండానే చెప్పేసింది. "మీ ఆయన మంచోడమ్మ. రెండు నెల్ల సంది వస్తుండు, మా ఇంట్ల చాయ్ గూడ ముట్టడు. వచ్చుడు, మేడెక్కుడు, గా గొట్టంల కన్ను పెట్టుడు."

రెండు నెలలు. దేవకృప మెట్లు ఎక్కింది.

మేడ మీద, పాత రెయిన్‌కోటు కప్పుకుని తన టెలిస్కోప్ నిలబడి ఉంది. పక్కన డోరా, నలభై ఏళ్ల మనిషి, బడిలో లెక్కల టీచరు, జుట్టు ముడిలో పెన్సిలు గుచ్చుకుని, స్క్రూడ్రైవరుతో వీపు గోక్కుంటోంది. పెళ్లికూతురి ముఖం ఎక్కడా లేదు. ఉంటే ద్వేషించడం సులువుగా ఉండేది.

"కూసోండ్రి వదినా. అన్న చెప్పిండు, మీకు గీ చుక్కలంటే చిరాకంట గదా? మంచిగ వచ్చిన్రు."

"చిరాకా?"

"అవ్, ఇంట్ల టెలిస్కోప్ పెడితే మీకు తక్లీఫ్ అయితదని, మా మేడ మీద పెట్టుకుంటనన్నడు. మిమ్మల్ని ఫోన్ల పరేషాన్ చేయొద్దని సుత అన్నడు." డోరా గొంతు తగ్గించింది. "గానీ అన్న ఫొటోలు ఎంత సాఫ్ చేస్తడో! ఒక్కొక్క చుక్క ముత్యం లెక్క ఉంటది. రాత్రులు కూసోని చేస్తడంట. ఆదివారం క్లాసుల ఆ విద్య నేర్సుకుందామని నేను ఎదురుచూస్తున్న."

దేవకృప రెయిన్‌కోటు అంచు పట్టుకుని నిలబడిపోయింది. నలభయ్యో ఫొటోను తను తప్పుగా చదివింది. లూకా డోరాను భార్యకు కనబడకుండా దాచలేదు. భార్యను డోరాకు కనబడకుండా దాచాడు. ఫొటోలు తనే సాఫ్ చేస్తానన్న అబద్ధం ఇద్దరూ కలిస్తే ఒక్క మాటలో బయటపడిపోతుందని ఆడిట్లు పెట్టాడు, బీరువాకు తాళం వేశాడు, నేరేడ్‌మెట్ దాకా గొట్టం మోశాడు. మరైతే గుండెలో మంట ఆరిపోవాలి కదా? ఆరలేదు. ఆమె ఆ మంటను నిదానంగా పరీక్షించింది. ల్యాబులో ఊహించుకున్న బొమ్మలోంచి లూకా చేతిని తీసేసి చూసింది. అయినా కాలింది. డోరా చెయ్యి, దాని కింద స్క్రూ. తనకు కుళ్లు మొగుడి మీద కాదు. ఆ స్క్రూ మీద. గంటలో ఒక పరాయి మనిషి చేతికి దొరికిన దాని కోసం నాలుగేళ్లు తను టీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడింది.

"ఆ ఫొటోలు నేను చేస్తాను," అంది. "మీ ఫోల్డరు కూడా నా దగ్గరే ఉంది. ప్రతి చుక్కకూ ఎడమవైపు తోక ఉంది. ఆ తోకలన్నీ నేనే కత్తిరిస్తాను."

డోరా జుట్టులోంచి పెన్సిలు లాగి, "తోక ఉన్నదా? నేనైతే సరిగ్గనే తిప్పిన వదినా. నా కండ్లతోని చూసిన," అంది. ఆ గొంతులో రోషం. అది దేవకృపకు నచ్చింది.

"చూపించండి."

చీకటి పడింది. డోరా నడినెత్తిన ఉన్న ఒక పెద్ద చుక్కకు గొట్టం తిప్పి, కావాలనే మసకగా చేసింది. "చూడున్రి. మసక చేస్తే గారె లెక్క కనబడతది. నడుమ చిల్లు. చిల్లు సక్కగ మధ్యల ఉంటే అద్దాలు కుదిరినట్టు."

దేవకృప మొదటిసారి ఆ గొట్టంలో కన్ను పెట్టింది. గారె వణుకుతోంది. చిల్లు పక్కకు ఒరిగి ఉంది. డోరా వెనక్కి వెళ్లి మూడు స్క్రూలు సర్దింది. చిల్లు మెల్లగా మధ్యకు జరిగింది.

"వచ్చింది," అంది దేవకృప. "తర్వాత ఆయన ఏం చేస్తాడు?"

"తర్వాత పక్కన మూడు లాకు స్క్రూలున్నయ్. కదలకుండ గట్టిగ బిగిస్తడు. గిట్ల." డోరా పై లాకును కిర్రుమనేదాకా తిప్పింది. గారె చిల్లు ఎడమవైపు కిందికి జారిపోయింది.

దేవకృపకు నవ్వొచ్చింది. ఇంట్లో పచ్చడి జాడీ మూత, కుళాయి, గ్యాసు నాబు, లూకా బిగిస్తే మరొకరు విప్పలేరు. దారిలో కుదుపులకు అద్దం కదిలి ఉంటే తోక ఒక్కోసారి ఒక్కోవైపు ఉండాలి. నాలుగేళ్లూ ఒకేవైపు ఉందంటే, ఒకే చెయ్యి ఒకే తప్పు చేస్తోంది. ఆ మాట ఇన్నాళ్లూ ఫొటోలు చెబుతూనే ఉన్నాయి.

"మళ్లీ వదులు చెయ్యండి. ఇప్పుడు నన్ను తిప్పనివ్వండి. మీరు కన్ను పెట్టండి."

లోహం చల్లగా ఉంది. మూడు లాకులనూ ఒక్కోదాన్ని పావు తిప్పు చొప్పున, వంతులవారీగా బిగించింది. చిల్లు జరిగితే డోరా "ఆగండ్రి" అంటోంది. జరగకపోతే "హా, కానియ్యండ్రి" అంటోంది. అరగంట పట్టింది. తర్వాత కెమెరా తగిలించి ఒక ఫొటో తీశారు. మూలమూలలా పెద్దది చేసి చూశారు. ఒక్క చుక్కకూ తోక లేదు.

అప్పుడే మెట్ల మీద బూట్ల చప్పుడయింది.

"కృపా? నువ్వేంది గిక్కడ?" లూకా ముఖం సెల్‌ఫోన్ వెలుగులో పాలిపోయింది. "అమ్మకు గోలీలు ఎవరిచ్చిన్రు?" ఆ వెంటనే ఆమె చెయ్యి ఎక్కడుందో చూశాడు. "ముట్టకు! అలైన్‌మెంట్..."

"వదినెనే సరిచేసింది అన్నా," అంది డోరా. "మీరు బిగించేటప్పుడే పోతదంట. ఫొటోలు సాఫ్ చేసేది సుత వదినెనేనంట గదా?"

"గదేం లేదు. కంప్యూటర్ల జెర హెల్ప్ చేస్తది, అంతే." అతను భార్య దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "ఇంటికి పోయి మాట్లాడుకుందాం. కాగితం రాసినవా? ఆదివారం అరవై మంది వస్తున్నరు కృపా. నా ఇజ్జత్..."

ఒక నెల కిందటైతే ఆ గొంతుకు ఆమె లేచి, చెప్పులు వేసుకుని, అతని వెనకే మెట్లు దిగేది. ఇప్పుడు చేతిలో స్క్రూడ్రైవరు ఉంది. డోరా మీద ఈర్ష్య ఇంకా ఉంది. ఇంత పెద్ద మేడ, ఎక్కడికెళ్లావని అడిగేవాడు లేని సాయంత్రాలు, గంటలో నేర్చుకోనిచ్చిన లోకం. ఆ ఈర్ష్య పోవాలని కూడా ఆమె అనుకోలేదు. దాని వల్లనే కదా ఇక్కడిదాకా వచ్చింది.

"రాయలేదండీ," అంది. "రాయను. ఆదివారం క్లాసు నేనే చెబుతున్నాను. డోరాగారు ఫోన్ చేసి నా పేరు వేయిస్తారు."

డోరా అప్పటికే ఫోన్ తీసింది.

"మరి నేనేం చెయ్యాలె?" అన్నాడు లూకా. అది కోపమో, నిజంగానే తెలియక అడిగాడో ఆమెకు అర్థం కాలేదు.

"మీరూ రండి," అంది దేవకృప, కన్ను గొట్టానికి ఆనించి. "కొత్తవాళ్లకే కదా క్లాసు."