క్లచ్చుకు నువ్వుగింజ దూరం

పొద్దున ఆరింటికి గంగుబాయి మోటార్ సైకిల్ కిక్కు కొడితే రేగులగూడలో సగం ఊరు లేస్తుంది. మిగతా సగం అంతకుముందే లేచి, బండి ఏ దిక్కుకు తిరుగుతుందో చూడడానికి వాకిట్లో నిలబడి ఉంటుంది. ఉట్నూరు దిక్కు తిరిగితే మందుల కోసం. వాగు దిక్కు తిరిగితే కాన్పు. ఆ కాన్పు ఎవరికో, నెలల లెక్కలో తిరకాసు ఏమైనా ఉందో, బండి మోత వినపడకుండా పోయేలోపలే తేలిపోతుంది. ఈ ఊళ్లో పని తక్కువని కాదు. పనికంటే ముఖ్యమైనవి కొన్ని ఉంటాయి.

గంగుబాయి సర్కారు దవాఖానలో మంత్రసాని. బండి కూడా సర్కారుదే. పోలీస్ యాక్షన్ అప్పుడు మిలిటరీవాళ్లు తోలి తోలి వదిలేసింది. పాత డాక్టరు దాని మీదకు రెండుసార్లు ఎక్కి మూడుసార్లు పడ్డాడు. బదిలీ మీద పోతూ తాళంచెవి గంగుబాయి చేతిలో పెట్టాడు. అప్పటికి అది పెద్ద చెయ్యి. ఆమె తండ్రి కుస్తీలు పట్టేవాడు. బిడ్డకు ఆయన ఇచ్చిన ఆస్తి ఆ అరచేతులే.

ఇప్పుడు ఆమె చేతులు ఎనిమిదేళ్ల పిల్ల చేతులంత ఉంటాయి. పుట్టే బిడ్డ ముందుగా ఎవరి చేతుల్లో పడితే వాళ్ల చేతులు ఒక నువ్వుగింజ మందం తగ్గుతాయి. రేగులగూడ చుట్టుపక్కల అంతే. అంతకుముందు మంత్రసానిగా ఉన్న రామవ్వ ముసలితనంలో చంటిపిల్ల చేతులతో తిరిగేది. ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. కూరలో ఉప్పు తక్కువ వేస్తుందని మాత్రం అనేవాళ్లు. చిటికె చిన్నదైపోయింది మరి.

నాలుగేళ్లలో ఎనభై ముగ్గురు పిల్లలు. గంగుబాయి గాజులు మూడుసార్లు మార్చింది. ఉంగరం తీసి దారానికి కట్టి మెడలో వేసుకుంది. వాటి గురించి ఆమెకు చింత లేదు. చింతంతా బండి హ్యాండిల్ దగ్గరే. ఎడమ చేతి కింద క్లచ్చు లివరు, కుడి చేతి కింద బ్రేకు లివరు. రెండూ సోల్జర్ల చేతులకు చేసినవి. వేళ్లు చాపితే గోళ్లు తగిలేవి తప్ప పట్టు దొరికేది కాదు.

అందుకే రెండు నెలలకొకసారి ఆమె బాబు మియా కొట్టుకు పోయేది. బాబు మియా జీపులు బాగుచేస్తాడు. ఆయన కూర్చుని టీ తాగగా చూసినవాళ్లు ఊళ్లో లేరు. కప్పు పట్టుకుని కొట్టు చుట్టూ తిరుగుతూ సగం తాగుతాడు, మిగతా సగం దారిలో పోస్తాడు. ఆయనకు కొలబద్ద లేదు, అగ్గిపెట్టెలో నువ్వులు ఉంటాయి. హ్యాండిల్ మీద గంగుబాయి చెయ్యి పెట్టించి, వేలికొసకూ లివరుకూ మధ్య ఎన్ని గింజలు పడతాయో పేర్చి చూస్తాడు. తర్వాత లివరును కొలిమిలో ఎర్రగా కాల్చి అంత లోపలికి వంచుతాడు. మధ్యలో తోచక కొలత గింజల్ని నోట్లో వేసుకుంటాడు, మళ్లీ మొదటినుంచి కొలుస్తాడు.

ఆ శనివారం కూడా ఆయన ముందు అడిగేది అడిగాడు.

"గంగక్కా, నిజం చెప్పు. దగ్గర్ల ఎవలకన్న నెలలు నిండినయా?"

"నిండనిది ఎప్పుడు బాబు భాయ్? నువ్వు కొలత తీస్కో."

"పోయినసారి గూడ గిట్లనే అన్నవు. నేను కొలత తీసి కొలిమి అంటువెట్టేలోపట పోయి ఇంకో కాన్పుల పిల్లను పట్టొచ్చినవు. నా పనంత ఖరాబ్."

"అయితే పుట్టేటోన్ని జర ఆగుమనాల్నా? బాబు మియా లివరు వంచుతుండు, అయినంక రా బిడ్డా అని?"

బాబు మియా గింజలు పేర్చాడు. ఒకటి పట్టింది. లివరును అటూ ఇటూ తిప్పి చూసి తల అడ్డంగా ఊపాడు.

"గీ ఒక్క గింజకే వంచుత. దీని తర్వాత వంచుడు లేదక్కా. ఇంక లోపలికొస్తె లివరు పోయి పిడికి తాకుతది గని క్లచ్చు విడువది. ఇగ మార్చుడే. చిన్న బండ్ల లివర్లు నాగపూర్ల దొరుకుతయట. సర్కారు బండి గదా, సారు కాయితం రాసియ్యాలె."

లోపలినుంచి ఆయన భార్య మహబూబ్‌బీ అంది: "కాయితం వచ్చెటాల్లకు గంగక్క చేతులకు గోరింటాకు పెట్ట జాగ గూడ మిగలది."

సారు అంటే లింగమూర్తి. కరీంనగర్ నుంచి కొత్తగా వచ్చిన ఆఫీసరు. ఎండాకాలంలో కూడా చేతులకు తోలు తొడుగులు వేసుకుంటాడు. గజ్జి అని కొందరు, కులుకు అని కొందరు. రెండూ అయి ఉండొచ్చని ఊరి పెద్దల అభిప్రాయం. గంగుబాయి కాగితం అడిగితే ఆయన రూళ్ల పుస్తకం తీశాడు.

"బండి ఆకారం మార్చవద్దని ఉన్నది గంగుబాయమ్మా. బండికి తగిన మనిషి ఉండాలె గని, మనిషికి తగిన బండి ఉంటదా? సోమవారం పది గంటలకు దవాఖాన ముందర సున్నం గీత గీపిస్త. రెండు లివర్లు నిండుగ పట్టి గీత మీద ఆపు. ఆపితే బండి నీ దగ్గరనే ఉంటది. లేకుంటే బండి షెడ్డుకు, నువ్వు రికార్డు రూముకు."

రికార్డు రూములో ఎలుకలకు తప్ప ఎవరికీ కాన్పులు కావు. వాగు అవతల పన్నెండు గూడాలున్నాయి. నడిచిపోయిన రోజుల్లో తాను చేరేసరికి ఆలస్యమైపోయిన ఇళ్లు గంగుబాయికి గుర్తున్నాయి. ఆ ఇళ్ల పేర్లు ఆమె ఎవరికీ చెప్పదు. ఎవరి సంగతైనా తవ్వి తీసే ఊరు కూడా ఆ ఒక్కటి అడగదు.

బాబు మియా శనివారం సాయంత్రానికల్లా లివర్లు వంచి బిగించాడు. గంగుబాయి పట్టి చూసింది. వేళ్లు సరిగ్గా అందాయి. ఒక్క గింజ కూడా ఎక్కువ తక్కువ లేదు. ఇక సోమవారం పదింటిదాకా ఆమె ఎవరి బిడ్డనూ పట్టకూడదు. ఆదివారమంతా ఇంట్లో తిరిగింది. చేట తీసింది, పెట్టింది. కుక్క అరిస్తే తలుపు దాకా వచ్చింది. పక్కింటివాళ్ల మేక ఈనుతుంటే కిటికీ మూసుకుంది. ఏదో ఒకటి చెయ్యకపోతే ఆ చేతులు ఆమెను నిలవనిచ్చేవి కావు.

సోమవారం తొమ్మిదింటికి బండి తీసింది. రోడ్డు మలుపులో ఎడ్లబండి అడ్డంగా నిలబడి ఉంది. అంతయ్యది. పెళ్లాం నిండు చూలాలు అయ్యుండగా వేములవాడ మొక్కు తీర్చడానికి బండి కట్టినవాడు జిల్లాలో ఆయనొక్కడే. వారం దాకా ఏం కాదని ఆయనే లెక్క వేశాడట. ఆయన లెక్కలు ఊరందరికీ తెలిసినవే. కిందటేడు పత్తి తూకంలో ఆయన తన బస్తాతో పాటు తనను కూడా తూయించుకున్నాడు.

"గంగక్కా, దేవుని లెక్క వచ్చినవు! ఇది ఇక్కన్నే అయ్యేటట్టున్నది!"

గంగుబాయి బండి ఆపలేదు. పది గజాలు పోయింది. బండిలోంచి అరుపు వినపడింది. ఇంకో ఐదు గజాలు పోయి ఆగింది.

"అంతయ్యా, నీ అసొంటోన్ని నేను ఏడ జూడలే," అంటూ స్టాండు వేసి, చేతులు కడుక్కుంది.

ఆడపిల్ల. మంచి గొంతు. గంగుబాయి పిల్లను తల్లి పక్కన పడుకోబెట్టి, తిరిగివచ్చి బండెక్కి, క్లచ్చు మీద వేళ్లు వేసింది. మధ్యలో ఒక నువ్వుగింజ పట్టేంత సందు.

దవాఖాన ముందు ఊరంతా ఉంది. సున్నం గీత తెల్లగా ఉంది. దవాఖాన చప్రాసీ హనుమండ్లు దాన్ని రెండుసార్లు గీశాడు, మొదటిసారి వంకర వచ్చిందని. బాబు మియా టీ కప్పుతో జనం చుట్టూ తిరుగుతున్నాడు. గంగుబాయి కొంగు మీద తడి మరకలు చూసి ఆగిపోయాడు.

"పట్టినవా?"

"పట్టిన."

"యా అల్లా," అని టీ అంతా కాలి మీద పోసుకున్నాడు.

గంగుబాయి బండి నడిపింది. గీత దగ్గర వేళ్లు చాపింది. గోళ్లు లివరు మీద జారాయి. బండి గీత దాటింది, ఇంకో రెండు బారలు పోయింది, పూలకుండీని తోసి ఆగిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఆమె దిగి, తాళంచెవి తీసి, అడగకముందే లింగమూర్తి ముందున్న బల్ల మీద పెట్టింది. తలుపు చాటున రికార్డు రూము నుంచి పాత కాగితాల వాసన వచ్చింది.

"హనుమండ్లూ, బండి షెడ్డుల పెట్టు," అన్నాడు లింగమూర్తి.

హనుమండ్లు చేతులు రోకళ్లు. ఎక్కి క్లచ్చు పట్టాడు. వంచిన లివరుకూ పిడికీ మధ్య వేళ్లు ఇరుక్కుపోయాయి. విడవనూ లేడు, పట్టనూ లేడు. బండి ఆయన్ను ఎక్కించుకుని దవాఖాన గోడను ఒకసారి చుట్టి, గడ్డివాములో దింపింది. తర్వాత కాంపౌండరు చూశాడు, జీపు డ్రైవరు చూశాడు. ఎవరి వేళ్లూ అందులో పట్టలేదు.

"తప్పుకోండ్రి," అని లింగమూర్తి ముందుకొచ్చాడు. తొడుగులు తీశాడు.

చిన్న చేతులు. తెల్లగా, పొట్టి వేళ్లతో. ఎన్నేళ్లుగానో ఎండ చూడనివి. ఇరవయ్యో ఏట లింగమూర్తి తన మేనమామ బండి తీసి, బ్రేకు అందక, పెళ్లివారి పందిట్లోకి పోయాడట. పడ్డది లడ్డూల గంపలో. అప్పటినుంచి తొడుగులు. ఈ సంగతి ఊరికి ఆ తర్వాత వారంలో తెలిసింది. ఎలా తెలిసిందని అడిగితే ఎవరూ చెప్పరు.

ఆయన బండెక్కి లివర్లు పట్టాడు. రెండూ నిండుగా చేతుల్లోకి వచ్చాయి. క్లచ్చు విడిచాడు, పోయాడు, తిరిగొచ్చాడు, గీత మీద ముందు చక్రం ఆపాడు. మళ్లీ పోయాడు, మళ్లీ ఆపాడు. మూడోసారి షెడ్డు దగ్గరికి పోవలసినవాడు షెడ్డు దాటి పోయాడు. వచ్చాక దిగలేదు. చేతుల వంకే చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడే వాగు అవతలినుంచి కొండల్ ఉరుక్కుంటూ వచ్చాడు.

"గంగక్కా! నా పెండ్లాం పోశవ్వకు నొప్పులు. జొన్నచేన్లనే పడ్డది. లెవ్వనీకి వస్తలేదు."

గంగుబాయి సంచి భుజాన వేసుకుని, లింగమూర్తి ముందుకు పోయి నిలబడింది.

"సారూ, నడిచి పోతే మూడు గంటలు. నా చేతికి లివరు అందదు. మీకు అందుతున్నది."

లింగమూర్తి రూళ్ల పుస్తకం ఉన్న బల్ల వైపు చూశాడు. తర్వాత, "ఎక్కు గంగుబాయమ్మా," అన్నాడు.

జొన్నచేను గట్టు మీద ఇద్దరు ఆడవాళ్లు చీర అడ్డంగా పట్టుకుని ఉన్నారు. లింగమూర్తి ఇవతల వీపు తిప్పి నిలబడ్డాడు. నిలబడలేక నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. కొండల్ తల్లి బుచ్చవ్వ అరుపులు పోశవ్వ అరుపులకంటే గట్టిగా వినపడుతున్నాయి. ఒక బిడ్డ ఏడ్చింది. లింగమూర్తి ఊపిరి వదిలాడు. ఏడుపు అంతలోనే తెగిపోయింది.

"ఇంకోడున్నడు!" అంది గంగుబాయి. "బుచ్చవ్వా, రా, పట్టు! నా చేతులు ఖాళీ లేవు, గీ పిల్లగాడు ఊపిరి తీస్తలేడు!"

"నాకేం కండ్లు కనవడుతయా? ఎవలన్న పట్టుండ్రి!" అంటూ బుచ్చవ్వ చీర కిందినుంచి చెయ్యి చాపి, అందిన మనిషి మోచెయ్యి పట్టి లోపలికి గుంజింది. అందిన మనిషి లింగమూర్తి.

"సారూ, గిట్ల, రెండు చేతులు దగ్గరికి. బిగ్గ వట్టకు. జారుతది, పోనియ్యకు."

ఆయన రెండు చేతులు దగ్గరికి పెట్టాడు. వెచ్చగా, బరువుగా, జిగటగా ఏదో వచ్చి పడింది. కదిలింది. నోరు తెరిచింది.

అంతలో గంగుబాయి చేతుల్లో మొదటివాడు కూడా మళ్లీ ఏడ్చాడు. బుచ్చవ్వ ఇద్దర్నీ తడిమి చూసి, రెండోవాడి ముక్కు తన భర్తదని తేల్చింది.

వాగు ఒడ్డున ఇద్దరూ చేతులు కడుక్కున్నారు. లింగమూర్తి బండెక్కి కిక్కు కొట్టాడు. క్లచ్చు మీదకు వేళ్లు చాపాడు. ఇంకొంచెం చాపాడు. ఇంజను మోగుతూనే ఉంది. ఆయన కాసేపు తన వేళ్లకూ లివరుకూ మధ్య సందును చూశాడు. తర్వాత ఇంజను ఆపి, దిగాడు.

"గంగుబాయమ్మా, నీకు ఎన్నేండ్లాయె గిట్ల?"

"నాలుగు, సారూ."

"నొప్పి ఉంటదా?"

"ఉండది. ఉంగరం ఒక్కటి యాది పెట్టుకుని తీసెయ్యాలె."

ఆయన జేబులోంచి పెన్ను తీసి, మందుల సంచి మీద కాగితం పెట్టి రాశాడు. మోటార్ సైకిల్ క్లచ్చు, బ్రేకు లివర్లు మార్చుటకు అనుమతి ఇవ్వడమైనది. నాగపూర్‌లో దొరికే అన్నిటికంటె చిన్నవి తెప్పించవలెను. సంతకం పెట్టాడు. మళ్లీ చదివి, కింద కొలత అని రాసి, పక్కన ఇంకో ముక్క చేర్చాడు: "ఇద్దరి చేతులవి. ఇంకా తగ్గును."