తగల్లేదన్నాడు

భీమవరం శివార్లలో మూతపడ్డ రైస్ మిల్లొకటి ఉంది. వెంకటపతిరాజుగారు దాన్ని తీసుకుని, లోపల ఇసుక బస్తాలూ చెక్క గోడలూ పెట్టించి, ఉత్తుత్తి తుపాకులతో యుద్ధాలాడుకునే చోటుగా మార్చారు. ఆదివారం వస్తే చాలు, వారమంతా గల్లాపెట్టె ముందు కూర్చున్న బట్టల కొట్ల వాళ్లూ, రొయ్యల చెరువుల గట్ల మీద తిరిగి విసిగిన రైతులూ మాస్కులు తగిలించుకుని అక్కడ శత్రువులైపోతారు. పొట్టలు ముందుకొచ్చిన పెద్దమనుషులు బస్తాల వెనక పాకడం చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది. వాళ్లకి మాత్రం అది ప్రాణం.

ఆ ఆటకి నియమం ఒక్కటే. బుల్లెట్ శనగగింజంత కూడా ఉండని ప్లాస్టిక్ ముక్క. తగిలితే చొక్కాకి రంగంటదు, మచ్చపడదు. పక్కవాడికి కనబడదు. కాబట్టి తగిలినవాడే "హిట్" అని అరిచి, చెయ్యెత్తి, బయటికి వెళ్లిపోవాలి. మనిషి మాట మీద నడిచే ఆట అది. ఉదయ్‌భాస్కర్‌కి నచ్చింది కూడా అందుకే. మూడు తరాల బట్టల కొట్టు వాళ్లది; రంగు పోదని చెప్పి అమ్మారంటే ఆ చీర రంగు పోదు.

తుపాకుల బాగోగులన్నీ డేనియల్ చూసేవాడు. ముప్పై ఏళ్లుంటాయి. అంతకుముందు రొయ్యల చెరువుల్లో నీళ్లకి గాలెక్కించే ఏరేటర్ మోటార్లు బాగుచేసేవాడు. ఏ మోటారైనా చప్పుడు విని జబ్బు చెప్పేస్తాడు. ముక్కుసూటి మనిషి.

ఆ వారం కొత్త రకం రైఫిలొకటి వచ్చింది. బ్యాటరీదే, కానీ పేల్చినప్పుడల్లా లోపల ఒక ఇనప దిమ్మ వెనక్కొచ్చి కొడుతుంది. నిజం తుపాకీలా భుజాన్ని తంతుంది. శుక్రవారం సాయంత్రం కొట్టు మూసేసి ఉదయ్ మిల్లుకి వెళ్తే, డేనియల్ దాన్ని ముందుగా అతని చేతికే ఇచ్చాడు.

"బాగా ఆనించుకోండి, ఉదయ్ గారూ. ఇప్పుడు నొక్కండి."

ధన్‌మని భుజం అదిరింది. ఉదయ్‌కి చిన్నపిల్లాడిలా నవ్వొచ్చింది. పేల్చుకుంటూ పోతే, ఉన్నట్టుండి తుపాకీ ఆగిపోయింది. చప్పుడు లేదు, తన్నూ లేదు.

"బుల్లెట్లు అయిపోయాయండి" అన్నాడు డేనియల్. "పాతవాటిలో ఖాళీ అయినా మోటారు ఊరికే తిరుగుతుంది. దీనికలా కాదు. తన్నిందంటే బుల్లెట్ వెళ్లినట్టే."

ఆదివారం వర్తకుల జట్టుకీ, రొయ్యల రైతుల జట్టుకీ పోటీ. రైతుల్లో ఒకాయన రాకపోతే ఆ చోట్లో డేనియల్‌ని దింపారు. కొత్త రైఫిల్ అతని చేతిలోనే ఉంది. చివరికి అటు డేనియల్, ఇటు ఉదయ్ మిగిలారు. మిల్లు మేడ మీంచి వర్తకుల కుటుంబాలన్నీ ఉదయ్ పేరు పెట్టి అరుస్తున్నాయి. అతని భార్య మీనాకుమారి లేచి నిలబడింది.

బస్తాల సందులోంచి డేనియల్ పేల్చాడు. అతని భుజం వెనక్కి అదరడం ఉదయ్ స్పష్టంగా చూశాడు. అదే క్షణంలో తన ఎడమ డొక్కలో చురుక్కుమంది. చెయ్యి ఎత్తాలి. ఎత్తలేదు. తిరిగి పేల్చాడు. డేనియల్ వెంటనే చెయ్యెత్తాడు, ఎత్తుతూనే, "ముందు మీకు తగిలిందండి" అన్నాడు.

"తగల్లేదు" అన్నాడు ఉదయ్. "నీ దాంట్లో బుల్లెట్లు అయిపోయాయి. ఉత్తి చప్పుడే."

"అయిపోతే ఇది పేలదు కదండీ!"

ఈలోగా జనం దిగొచ్చేశారు. రాజుగారికి చిరాకేసింది. "కస్టమర్లతో వాదనేంటయ్యా?" అని డేనియల్‌ని కసిరి, ఉదయ్ వైపు తిరిగారు. "ఏంటండీ, ఖాళీ అయితే ఆగిపోద్దంట. నిజమేనా?"

ఆట వేడిలో జారిన మొదటి అబద్ధాన్ని క్షమించవచ్చు. ఇక్కడ వేడి లేదు. రాజుగారు నింపాదిగా అడిగారు, ఆలోచించుకునే వ్యవధీ ఉంది. డేనియల్ తనవైపే చూస్తున్నాడు, శుక్రవారం సంగతి చెబుతాడనే నమ్మకంతో.

"నాకేం తెలుసండీ, గన్నుల సంగతి" అన్నాడు ఉదయ్.

డేనియల్ మొహంలో నమ్మకం ఆరిపోవడం కళ్లారా చూశాడు. రాజుగారు సారీ చెప్పమన్నారు. "చెయ్యని తప్పుకి నేను చెప్పనండి" అని డేనియల్ తన పనిముట్ల సంచి భుజానేసుకుని వెళ్లిపోయాడు. "ఓడిపోయి దొంగమాటలు, పైగా పొగరు" అన్నారెవరో. ఉదయ్ విని ఊరుకున్నాడు.

ఇంటికెళ్లాక మీనాకుమారి అతని డొక్క మీద ఎర్రటి మచ్చ చూసింది. "ఇదేంటండీ?"

"గోడ గీరుకుంది."

నాలుగు రోజుల్లో మచ్చ పోయింది. ఉదయ్‌కి మాత్రం అన్నం సయించలేదు. కొట్లో ఎవరైనా "రంగు గ్యారంటీయేనా?" అంటే నీళ్లు నమిలేవాడు. డేనియల్ దొంగాటగాడని ఊళ్లో పాకిపోయిందట. ఇంకో ఆటస్థలం వాళ్లు కూడా ఆ మాట విని పనిలోకి తీసుకోలేదట. సిగ్గుతో చచ్చిపోయాడు ఉదయ్.

నాలుగో ఆదివారం ఇక ఉండబట్టలేక, అందరూ చేరాక మధ్యలో నిలబడ్డాడు. "ఆ రోజు నాకు తగిలిందండి. డేనియల్ చెప్పిందే నిజం. తుపాకీ సంగతీ నాకు ముందే తెలుసు" అన్నాడు. తిడతారనుకున్నాడు. తిడితే బాగుండునని కూడా ఆశపడ్డాడు.

ఎవరూ తిట్టలేదు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. రాజుగారైతే వాటేసుకుని, "ఈ కాలంలో ఇంత నిజాయితీ ఎవరికుందండీ! కొత్తగా వచ్చేవాళ్లకి మీ పేరే చెబుతాను" అన్నారు. డేనియల్‌ని మళ్లీ పనిలోకి పిలవమని ఉదయ్ అడిగితే, "పిలుద్దాం లెండి, రమ్మనండి" అన్నారు తేలిగ్గా.

ఆ మధ్యాహ్నమే, భీమవరం నుంచి ఉండి ఊరికెళ్లే రోడ్డులో డేనియల్ పనిచేస్తున్న మోటార్ల షెడ్డుకి ఉదయ్ వెళ్లాడు. డేనియల్ ఏరేటర్ మోటారు విప్పుకుని కూర్చున్నాడు. చూసి లేచాడు, కుర్చీ కూడా వేశాడు. ఆ మర్యాదకి ఉదయ్ ప్రాణం ఇంకా చితికిపోయింది.

"తప్పు చేశాను, డేనియల్. ఇవాళ అందరి ముందూ ఒప్పేసుకున్నాను. రాజుగారు నిన్ను రమ్మన్నారు."

డేనియల్ చేతికంటిన గ్రీజు గుడ్డకి తుడుచుకున్నాడు. "మీరు చెప్తే ఏమన్నారండీ, వాళ్లు?"

అబద్ధం చెప్పాలనిపించింది ఉదయ్‌కి, ఇంకొక్కసారి. చెప్పలేదు. "చప్పట్లు కొట్టారు" అన్నాడు తలవంచుకుని.

డేనియల్ కోపంగా కూడా లేడు. మళ్లీ మోటారు ముందు కూర్చుని, స్పానర్ చేతిలోకి తీసుకున్నాడు.

"ఆ రోజు నేనూ ఆ మాటే చెప్పానండి" అన్నాడు. "వాళ్లకే చెప్పాను. ఒక్కరూ కొట్టలేదు."