మిషన్‌ది తప్పు కాదు

షుగర్ మిషన్ పాడైపోయిందని తీర్పు చెప్పింది నేనే. చెప్పే హక్కు నాకుంది. పదకొండేళ్ళుగా కాటాలు బాగుచేసే షాపులో పనిచేస్తున్నాను. కిరాణా కొట్లో మూలన పడుండే కాటా దగ్గర్నుంచి నగల షాపులో అద్దాల పెట్టెలో కూర్చునే కాటా దాకా, ఏది నిజం చెప్తోందో ఏది బొంకుతోందో పట్టుకోవడమే నా ఉద్యోగం. పైగా పన్నెండో ఏట నుంచీ షుగర్‌తో కాపురం చేస్తున్నదాన్ని. రోజుకి నాలుగుసార్లు ఇన్సులిన్ పొడుచుకోకపోతే నాకు బతుకు లేదు. ఏ పూటకి ఎన్ని యూనిట్లు కావాలో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.

అలాంటిది ఆ వారం, ఎప్పుడూ తినేదే తిని, ఎప్పుడూ పొడుచుకునేదే పొడుచుకున్నా షుగర్ ఊరికే పడిపోవడం మొదలుపెట్టింది. సోమవారం అరవై. మంగళవారం యాభై ఎనిమిది. బుధవారం పొద్దున తిన్న రెండు గంటలకే ఒళ్ళంతా చెమటలు, చేతిలో స్క్రూడ్రైవర్ వణుకుతోంది. చూస్తే యాభై నాలుగు. చక్కెర నీళ్ళు తాగి కుదుటపడ్డాక మిషన్‌ని నోటికొచ్చినట్టు తిట్టాను. కొత్త స్ట్రిప్పులు తెచ్చాను. పక్కనున్న మందుల షాపులో ఇంకో మిషన్ అడిగి తెచ్చాను. అదీ అదే కూత కూస్తుంటే మూడోది కొన్నాను. మూడింటినీ బల్ల మీద వరసగా పెట్టి, ఒకే వేలి నెత్తురు మూడింటికీ పంచాను. అరవై ఒకటి, యాభై తొమ్మిది, అరవై.

మా షాపు యజమాని, నాకు పని నేర్పిన గురువు, మా ఆయన తండ్రి, ముగ్గురూ ఒక్కరే. పనిలో చేరిన మూడేళ్ళకి ఆయన కోడల్నయ్యాను. మావయ్య కళ్ళజోడు నుదుటి మీదికి తోసి మూడు మిషన్లనీ చూశారు.

"అమ్మాయ్, మూడు కాటాలు ఒకే మాట చెప్తుంటే మనం ఏమంటాం?"

"సరుకులోనే తేడా ఉందంటాం."

"మరి డాక్టర్ దగ్గరికి నడు. ఆడలేక మద్దెల ఓడు అనకు."

డాక్టరమ్మ నా షుగర్ అంకెలు రాసుకున్న పుస్తకం తిరగేసి, "నెల తప్పిందా?" అని అడిగింది. నవ్వొచ్చింది. నాకు నెల ఎప్పుడూ సమయానికి రాదు, పైగా మా జాగ్రత్తలో మేమున్నాం అన్నాను. పావుగంటలో నా నవ్వు ఎటుపోయిందో తెలియదు. ఏడో వారమట. మొదటి నెలల్లో ఇన్సులిన్ అవసరం తగ్గి షుగర్ ఇలా పడిపోవడం చాలామందికి ఉంటుందట.

పిల్లలు వద్దని పెళ్ళికి ముందే మా ఆయనకి చెప్పాను. కారణం కూడా దాచలేదు. తేడా ఉందని తెలిసిన కాటా మీద ఎవరూ సరుకు పెట్టరు. పూటపూటకీ సరిచేసుకుంటే తప్ప నడవని ఒళ్ళు నాది, ఇందులో ఇంకో ప్రాణాన్ని ఏ ధైర్యంతో పెట్టను? "నాకు నువ్వు చాల్లే" అన్నాడాయన. ఎనిమిదేళ్ళుగా ఆ మాట మీదే ఉన్నాడు.

డాక్టరమ్మ ఏదీ దాచలేదు. "మీ షుగర్ మూడు నెలల సగటు కాస్త ఎక్కువే ఉందమ్మా. ముందే అనుకుని ఉంటే తగ్గించుకుని మొదలుపెట్టేవాళ్ళం. బిడ్డ గుండే, వెన్నూ తయారయ్యేది ఈ వారాల్లోనే. ప్రమాదం లేదనను. కానీ ఎక్కువమందికి బిడ్డలు బాగానే పుడతారు. ఉంచుకోవడం, మానడం మీ ఇష్టం."

మా ఆయన బోర్డులు రాస్తాడు. నేను వెళ్ళేసరికి నిచ్చెనెక్కి ఓ చెప్పుల షాపు పేరు దిద్దుతున్నాడు. కింద నుంచే చెప్పేశాను. దిగొచ్చి, కుంచె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఎర్ర రంగు బొట్లుబొట్లుగా బూటు మీద పడుతోంది.

"నువ్వేమనుకుంటున్నావు?" అన్నాడు.

"ముందు నువ్వు చెప్పు."

"మోసేది నువ్వు. నేను ముందు చెప్తే ఆ మాట కూడా నువ్వే మోయాలి."

"నాకు కావాలి" అనేశాను. ఆ మాట నాలో ఎప్పట్నుంచి ఉందో నాకే తెలియదు. సిగ్గేసింది, భయమేసింది, అన్నిటికంటే ఎక్కువగా సంతోషమేసింది. ఆయన నడిరోడ్డు మీద నన్ను పట్టుకుని గిరగిరా తిప్పబోయి, నా మొహం చూసి ఆగిపోయాడు. కావాలనుకోవడం వరకూ నా చేతిలో పని. ఈ ఒళ్ళు దానికి సరిపోతుందా అన్నది మాత్రం ఎవరూ చెప్పలేకపోయారు.

షుగర్ పడిపోతే నాకు ముందుగా వచ్చేది కోపం. అందుకని మా ఆయన షాపులో పెద్ద అక్షరాలతో ఒక బోర్డు కట్టాడు. "అక్క కోప్పడితే ముందు జ్యూసు ఇవ్వండి. తర్వాత మాట్లాడండి." చిక్కేమిటంటే, కోపం నాకు పుట్టుకతో వచ్చింది. షుగర్ తర్వాత వచ్చింది.

ఒకరోజు కూరగాయల కొట్టతను కాటా తెచ్చాడు. కిలోకి యాభై గ్రాములు ఎక్కువ చూపిస్తోంది. "దాన్ని అలాగే ఉండనివ్వక్కా, ఆ బటన్ ఒక్కటీ బాగుచెయ్యి" అన్నాడు. నేను లేచాను. నోరు తెరిచానో లేదో, అతను బోర్డు చదువుకుని పరిగెత్తుకెళ్ళి ఫ్రిజ్‌లోంచి జ్యూసు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ఇది షుగర్ కోపం కాదు, నా సొంత కోపం" అన్నాను.

లోపల్నుంచి మావయ్య, "చూసుకుని కోప్పడమ్మా" అన్నారు.

చూసుకున్నాను. అరవై మూడు. ఏం చేస్తాం, జ్యూసు తాగి, పదిహేను నిమిషాలు ఆగి, మళ్ళీ చూసుకుని, మొదట్నుంచీ కోప్పడ్డాను. పాపం ఆ మనిషి అంతసేపూ స్టూలు మీద బుద్ధిగా కూర్చున్నాడు. కాటా సరిచేయించుకునే వెళ్ళాడు.

ఐదో నెల స్కానింగ్‌లో గుండె గదులు నాలుగూ సరిగ్గా ఉన్నాయన్నారు. బస్టాపులో కూర్చుని అందరూ చూస్తుండగా ఏడ్చాను, తర్వాత మా ఆయన ఏడ్చాడు. అక్కణ్ణుంచి కథ తిరగబడింది. ఇన్సులిన్ ఎంత పొడిచినా చాలదు. పది యూనిట్లు పట్టే పూటకి పద్దెనిమిది, తర్వాత ఇరవై ఆరు. ఒళ్ళు చేతులెత్తేస్తోందని హడలిపోయాను. "కడుపులో మాయ ఎదిగేకొద్దీ ఇలాగే పెరుగుతుంది, ఉన్నట్టుండి తగ్గితే పరిగెత్తుకు రండి" అంది డాక్టరమ్మ. తల ఊపాను గానీ పూర్తిగా నమ్మలేదు.

మా ఆయన మాత్రం ఉయ్యాలకి కట్టడానికి ఒక చిన్న బోర్డు తయారుచేశాడు. చుట్టూ పువ్వులు, మధ్యలో ఖాళీ.

"ఆలు లేదు, చూలు లేదు అన్నట్టుంది నీ వరస" అన్నాను.

"ఆలూ ఉంది, చూలూ ఉంది. పేరొక్కటే తక్కువ" అన్నాడు.

ముప్పై ఎనిమిదో వారంలో, పొద్దున పదకొండింటికి పాప పుట్టింది. మూడు కిలోల తొమ్మిది వందలు. బుగ్గలు భుజాల మీద ఆనుతున్నాయి. కాకి పిల్ల కాకికి ముద్దు అంటారు గానీ, మావయ్యకి ఆ సంతోషంలోనూ వృత్తి గుర్తొచ్చింది. "కాటాని జీరో చేశాకే పాపని పడుకోబెట్టారా అమ్మా?" అని సిస్టర్‌ని అడిగారు. కుట్లు లాగుతున్నా నవ్వాను.

గంట తర్వాత సిస్టర్ పాప మడమ మీద చిన్న సూదితో గుచ్చి, నెత్తురు చుక్క మిషన్‌కి అద్దింది. ముప్పై ఆరు.

"నలభై ఐదు దాటాలి" అంది.

"నా రోగం అంటించానా?" అని అడిగాను. ఏడు నెలలుగా లోపలే దాచుకున్న మాట.

"కాదమ్మా. ఇన్నాళ్ళూ మీ చక్కెరకి తగ్గట్టు పాప ఇన్సులిన్ తయారుచేసుకుంది. బొడ్డు కోయగానే చక్కెర ఆగిపోయింది, ఇన్సులిన్ ఇంకా ఉంది. ఒకట్రెండు రోజుల్లో సర్దుకుంటుంది. ముందు పాలు పట్టండి. అరగంటలో పెరక్కపోతే పై వార్డుకి తీసుకెళ్ళి గ్లూకోజ్ ఎక్కిస్తాం."

పాపని నా గుండె మీద పెట్టారు. చిన్న గుప్పిళ్ళు వణుకుతున్నాయి. ఆ వణుకు నాకు తెలుసు. ఆ గదిలో అంతమంది ఉన్నా, షుగర్ పడిపోతే లోపల ఎలా ఉంటుందో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. "తెలుసమ్మా, కాళ్ళ కింద నేల లేనట్టుంటుంది కదూ. తాగు. తగ్గిపోతుంది" అన్నాను. పాప రెండుసార్లు జారవిడిచి, మూడోసారి పట్టుకుంది. ముర్రుపాలు, చుక్కలు చుక్కలుగా. అవి ఏ మూలకి సరిపోతాయని గోడ గడియారం వైపు చూస్తూ కూర్చున్నాను. మా ఆయన నా భుజం పట్టుకున్నాడు.

సిస్టర్ రెండో మడమ గుచ్చింది. పాప గుక్కపట్టి ఏడ్చింది.

"యాభై రెండు" అంది సిస్టర్. "ఇంకో రెండు మూడుసార్లు చూడాలి గానీ, ఇప్పటికి పై వార్డు అక్కర్లేదు. మీ పాలే సరిపోయాయి."

ఇరవై రెండేళ్ళుగా నా షుగర్ పడిపోయినప్పుడల్లా ఎవరో ఒకరు పరిగెత్తుకొచ్చి నా నోట్లో ఏదో ఒకటి పోశారు. అమ్మ, బళ్ళో టీచరు, మావయ్య, మా ఆయన, బస్సులో ముక్కూమొహం తెలియని మనుషులు. నేను ఇంకొకరికి పోసి నిలబెట్టడం ఇదే మొదటిసారి. అదీ ఈ ఒంటితోనే.

పాపని రెండో వైపుకి మార్చుకున్నాను. ఇంకా తాగుతానంటోంది.