జ్వరం దిగిన తర్వాత

సహనకు ఆరేళ్ళు. రెండు రోజులుగా జ్వరం, దగ్గు. బడిలో చాలామంది పిల్లలకు ఫ్లూ వచ్చిందని తెలుసు కాబట్టి ఇంట్లో ఎవరూ కంగారుపడలేదు. మూడోరోజు తల్లి సుమ, తండ్రి దేవరాజ్ బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పనికి వెళ్ళారు. పాప దగ్గర అమ్మమ్మ అక్కయమ్మ ఉంది.

మాత్ర వేశాక జ్వరం దిగింది. అయినా పాప గంజి ముట్టలేదు. ఖాళీ గోడ మీద చీమలున్నాయంటూ వేళ్ళతో ఏరసాగింది.

“సహనా, నేనెవరు?” అంది అక్కయమ్మ.

పాప ఆమె ముఖంలోకి చూసి, బడిలో టీచర్‌ను పిలిచినట్టు, “మిస్,” అంది.

అక్కయమ్మ వెంటనే కూతురికి ఫోన్ చేసింది.

“జరంలో పలవరిస్తా ఉంటాదిలేమ్మా. సాయంత్రం డాక్టర్‌కు చూపిస్తాం,” అంది సుమ.

“జరం దిగినాక పలవరించేదేంది? నలుగురు బిడ్డల్ని సాకినదాన్ని, ఇది ఆ మాదిరి కాదు. నేను ఆసుపత్రికి పోతా ఉండాను. మీరూ ఆడికే రాండి.”

పాపను ఎత్తుకుని బయటికి వస్తుంటే పక్కింటి చౌడమ్మ ఆపింది. “దిష్టి తగిలుంటాదక్కా, తీసేసి పో.”

“వచ్చినాక తీస్తువులే,” అని అక్కయమ్మ ఆటో ఎక్కింది.

ఆసుపత్రి ఇంకో మలుపు ఉందనగా పాప కళ్ళు పైకి తేలిపోయాయి. కాళ్ళూ చేతులూ కొట్టుకోసాగాయి. అక్కయమ్మ పాపను పక్కకు తిప్పి పడుకోబెట్టి, “బిరీన పోనీ అప్పా!” అని ఆటో డ్రైవర్‌తో అరిచింది.

డాక్టర్ హేమలత ఇంజెక్షన్‌తో మూర్ఛ ఆపింది. పరీక్షలో ఫ్లూ అని తేలింది. స్కాన్‌లో మెదడు వాపు కనిపించింది.

“ఫ్లూ వచ్చిన పిల్లల్లో అరుదుగా ఇలా అవుతుంది. ఆలస్యం చేయకుండా తెచ్చారు, మందులు మొదలుపెట్టాం,” అంది డాక్టర్.

అప్పటికి దేవరాజ్‌తో కలిసి వచ్చిన సుమ ఏడుస్తూ, “నేను సాయంత్రం అన్నానే,” అంది.

“ఏడ్చేది మళ్ళీ చూసుకుందాం. పాప చెయ్యి పట్టుకో. కండ్లు తెరిస్తే నువ్వే కనపడాల,” అంది అక్కయమ్మ.

ఐదోరోజు పాప కళ్ళు తెరిచి, “అమ్మా, నీళ్ళు,” అంది. దేవరాజ్ నర్సును పిలవడానికి పరుగెత్తాడు.

నడక మాత్రం తూలేది. మాట తడబడేది. వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించేవాళ్ళు. పాప పడితే అక్కయమ్మ వెంటనే లేపేది కాదు. “లేస్తాది, నాకు తెలుసు,” అనేది.

రెండు నెలలకు సహన బడికి వెళ్ళింది. రాసేటప్పుడు చెయ్యి ఇంకా కొద్దిగా వణికేది. అక్షరాలు గీత దాటి పోయేవి. ఆమె వాటిని చెరిపేసి, పెదవి కొరుక్కుంటూ మళ్ళీ రాసేది.