చేతికి తగలని చుక్కలు

మద్రాసు నుంచి ఫోనొచ్చిందని ఎస్టీడీ బూత్ శీనయ్య కేకేసినప్పుడు, నేనూ మా ఆయనా ఆత్మకూరు బస్టాండు ఎదురుగా ఒకే గ్లాసులో నిమ్మకాయ సోడా తాగుతున్నాం. రెండు గ్లాసులు అడగాలని ఇద్దరికీ తోచలేదు. పెళ్లయి మూడు నెలలే. మాకింకా అలాంటివి తోచవు.

మా ఆయన శాంతికుమార్ ఇక్కడి హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఆయన బూత్‌లో దూరితే నేను అద్దం బయట నిలబడి ఆయన ముఖమే చూస్తున్నాను. ముందు కనుబొమలు పైకి లేచాయి. తర్వాత పళ్లన్నీ కనబడ్డాయి. బయటికొచ్చి, అంత జనంలో నా చెయ్యి పట్టేసుకున్నారు.

"కరుణా, అమ్మకి రొమ్ము మొత్తం తీయక్కర్లేదంట! ఆ చుక్కలున్న కాస్త ముక్కే తీస్తారంట. ఎల్లుండి రమ్మన్నారు."

మా అత్తమ్మ సుకుమారి వాళ్లక్క రొమ్ము క్యాన్సర్‌తో పోయింది. అందుకే పోయిన నెల అత్తమ్మను బతిమాలి మద్రాసు తీసుకెళ్లి రొమ్ముకు ఎక్స్‌రే తీయించాం. అందులో ఒకచోట సన్నటి తెల్ల చుక్కలు గుంపుగా కనిపించాయి. ఎవరు తడిమినా చేతికి మాత్రం ఏమీ దొరకలేదు. ఎక్కడుందో దొరకనిదాన్ని ఎక్కడని కోస్తారు? మొత్తం తీసేయాల్సి వస్తుందేమో అన్నాడు మొదట చూసిన డాక్టరు. ఆ మాట విన్నాక అత్తమ్మ ఇంట్లో మద్రాసు పేరు కూడా ఎత్తనివ్వలేదు. మా ఆయన మాత్రం ఫిల్మును అక్కడే ఇంకో డాక్టరుకు చూపించి, ఈ బూత్ నంబరు ఇచ్చి వచ్చారు.

ఇప్పుడీ కబురు వింటే ఎంత మురిసిపోతుందో! అప్పటికప్పుడు అత్తమ్మ ఉండే ఉదయగిరికి బస్సెక్కేశాం. ఫోన్లో డాక్టరు చెప్పిందంతా మా ఆయన చేత రెండుసార్లు చెప్పించుకున్నాను. రెండోసారి ఆయన మరీ మాస్టారిలా చెబుతుంటే నాకు ముచ్చటేసింది.

ఇంటికెళ్లేసరికి అత్తమ్మా, ఎస్తేరమ్మగారూ అరుగు మీద కూర్చుని చింతచిగురు ఏరుతున్నారు. ఎస్తేరమ్మగారు మా చర్చిలో స్త్రీల సమాజానికి పెద్ద. ఎవరికి జబ్బు చేసినా చెయ్యి ఉంచి ప్రార్థన చేసేది ఆమే.

మా ఆయన కబురు చెప్పారు. అత్తమ్మ చిగురులోంచి తలెత్తలేదు.

"నాకింకేం లేదు నాయనా. పోయింది."

"పోవడమేందమ్మా?"

"ఎస్తేరక్క చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. తడిమి చూసింది. గడ్డ లేదు. ఆదివారం గుళ్లో అందరి ముందూ లేచి, దేవుడు బాగుచేసినాడని సాక్ష్యం కూడా చెప్పేసినాను. అందరూ స్తోత్రం అన్నారు. ఇప్పుడు పోయి కోయించుకుంటే నన్నేమంటారు?"

ఎల్లుండికి ఈమె రాకపోతే ఆ చుక్కలు అక్కడే ఉంటాయి.

లోపలికెళ్లి ఎక్స్‌రే ఫిల్ము తెచ్చి ఎండకేసి పట్టుకున్నాను.

"ఇటు చూడండి అత్తమ్మా. ఇవే."

"ఉప్పు రవ్వల్లాగుండాయే!"

"అంతే ఉంటాయి. మొదట్నుంచీ ఇవి ఎవరి చేతికీ తగల్లేదు. తగలనిది పోయిందని చేత్తో ఎట్లా తెలుస్తుంది?"

ఎస్తేరమ్మగారు కళ్లజోడు సవరించుకుని ఫిల్ముకేసి చాలాసేపు చూశారు. ఆమె కోప్పడతారేమో అనుకున్నాను.

"ఒసే సుకుమారీ, నా చెయ్యేమన్నా ఎక్స్‌రే మిషనా ఏందే? గడ్డ తగల్లేదని నేనంటే, జబ్బే పోయిందని నువ్వు లేచి నిలబడితివి. చెప్పే ముందు నన్నొక మాట అడిగినావా?"

"అడిగితే ఆగమంటావని అడగలా."

అత్తమ్మ చేతిలో చిగురు అలాగే ఉండిపోయింది.

"మా అక్కకి కట్టు మార్చింది నేనే గదా, ఎస్తేరక్కా. పోయిందనుకున్నాకే నాకు నిద్ర పట్టినాది."

నేను వెళ్లి ఆమెను ఆనుకుని కూర్చున్నాను. భుజం మీద తల పెట్టాను. ఆమె వద్దనలేదు. కాసేపటికి తనే అడిగింది.

"మరి చేతికి దొరకనిదాన్ని వాళ్లెట్లా పట్టుకుంటారే?"

"అక్కడ మొద్దుబారేలా మత్తిచ్చి, ఎక్స్‌రేలో చూస్తూ సన్న సూదిని చుక్కల దాకా దింపుతారు. సూదిలోంచి వెంట్రుకంత తీగ పోతుంది. దాని కొసన చిన్న కొక్కెం ఉంటుంది, పట్టుకుని కదలదు. సూది లాగేస్తారు. డాక్టరు ఆ తీగ వెంబడే వెళ్లి ముక్క తీస్తాడు. ఆ ముక్కకు మళ్లీ ఎక్స్‌రే తీసి, చుక్కలు వచ్చాయో లేదో చూసుకుంటారు."

"తీగ లోపలే పెట్టి ఇంటికి పంపరు గదా?"

"పంపరమ్మా!" అన్నారు మా ఆయన.

"అది మా అక్కకొచ్చిందేనా?"

"తీసి పరీక్ష చేస్తేగానీ తెలీదు అత్తమ్మా. కాకపోవచ్చు కూడా. ఒకవేళ అదే అయినా, ఇంత చిన్నగా ఉన్నప్పుడే దొరికింది."

"సాక్ష్యం ఒక్కసారే చెప్పాలని ఎవరన్నారు?" అన్నారు ఎస్తేరమ్మగారు. "వచ్చినాక మళ్లీ చెబుదువు. ఈసారి మాత్రం రిపోర్టు చూసుకుని లేయ్!"

అత్తమ్మ ఫక్కున నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఒళ్లోని చిగురు చేటలోకి దులిపి లేచింది.

"రేపు పొద్దున్నే పాస్టరుగారి దగ్గరికి పోదాం, ఎస్తేరక్కా. తొందరపడి చెప్పినానని నేనే చెప్పేస్తా. ఆయన ప్రార్థన చేసినాక అట్నుంచి అటే నెల్లూరు బస్సు, ఆడ్నించి మద్రాసు. నువ్వూ వస్తుండావు. ఒరే శాంతీ, నువ్వు ముందుపోయి సీట్లు పట్టు. కోడలు నా పక్కన కూర్చుంటాది. నువ్వు మద్రాసు దాకా ఎస్తేరక్క పక్కన!"