ఓడించిన పిల్ల గెలవాలని

మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీలో తల్లితోపాటు పలకలెత్తిన శ్రీదేవిని బడిలో పీఈటీ మాస్టారు కుస్తీకి తీసుకెళ్ళారు. డెబ్బై ఆరు కిలోల ఫ్రీస్టైల్. ఆడవాళ్ళలో అదే అన్నిటికంటే పెద్ద బరువు. దేశం తరఫున ఆరుసార్లు విదేశాలకు వెళ్ళింది గానీ ఒక్క పతకమూ రాలేదు. పాప పుట్టాక మోకాలు కూడా వాచింది. ఇక మానేస్తానని అత్త బుల్లెమ్మతో అంది.

"నీకు మానాలనుంటే మానెయ్. పాప కోసమైతే మాత్రం వద్దు. దాన్ని నేను చూసుకుంటాగా," అంది బుల్లెమ్మ, కోడలి మోకాలికి ఆముదం రాస్తూ.

ఇంకో రెండేళ్ళు సాధన చేసి, ముప్పై మూడో ఏట శ్రీదేవి ఆసియా పోటీలకు బిష్కెక్ వెళ్ళింది. మొదటి బౌట్‌లోనే ఇరవయ్యేళ్ళ మంగోలియా అమ్మాయి ఆమెను పది పాయింట్ల తేడాతో ఓడించింది. ఇంట్లో ఫోన్‌లో చూస్తున్న భర్త ప్రసాద్ ఫోన్ తల్లి చేతికిచ్చి లేచిపోయాడు. కాసేపటికి శ్రీదేవే ఫోన్ చేసింది.

"అయిపోలేదత్తమ్మా. నన్ను ఓడించిన పిల్ల ఫైనల్‌కెళ్తే, కాంస్యం కోసం ఆడటానికి నాకింకో అవకాశం ఇస్తారు."

"అయితే ఆ పిల్ల గెలవాలా?"

"గెలవాలి."

"దాని పేరేంది?"

"నాకు నోరు తిరగట్లేదు."

"పోన్లే. చెన్నకేశవుడికి మంగోలు పిల్లని చెబుతా, ఆయనే పోల్చుకుంటాడు."

సెమీఫైనల్లో ఆ అమ్మాయి నాలుగు పాయింట్లు వెనకబడింది. స్టేడియం మెట్లమీద నిలబడి శ్రీదేవి గొంతు పోయేలా "పట్టు! కాలు పట్టు!" అని తెలుగులోనే అరిచింది. మాచర్లలో బుల్లెమ్మ పాపను ఒళ్ళో పెట్టుకుని దండం పెడుతూనే ఉంది. ఆఖరి పది సెకన్లలో అమ్మాయి ప్రత్యర్థిని ఎత్తి వెల్లకిలా పడేసి గెలిచింది. ఆ అమ్మాయి కుంటుతూ బయటికొస్తుంటే శ్రీదేవి ఎదురెళ్ళి, ఆమె మడమకు ఐసు గడ్డలు పెట్టి కట్టింది. ఆ పిల్ల ఆశ్చర్యంగా చూసింది.

ఆ సాయంత్రం కాంస్యం బౌట్‌లో శ్రీదేవి కజకిస్తాన్ మల్లయోధురాలిని మూడుకు రెండు పాయింట్లతో ఓడించింది. లేచి నిలబడలేక మ్యాట్ మీదే కూర్చుని ఏడ్చింది. మంగోలియా అమ్మాయికి రజతం వచ్చింది.

పతకాలిచ్చాక ప్రసాద్ వీడియో కాల్ చేశాడు. బుల్లెమ్మ కోడలి ముఖం తనివితీరా చూసుకుంది.

"మోకాలెట్టుంది?"

"చానా నొప్పిగా ఉందత్తమ్మా. ఇక చాలు. ఈసారి నాకే మానాలనుంది."

"మానెయ్ తల్లీ. ఏదీ, ఆ పిల్లకు ఫోనియ్యి."

శ్రీదేవి ఫోన్ పక్కకు తిప్పింది.

"భలేగా ఆడావమ్మా! మీ అమ్మతో చెప్పు, బుల్లెమ్మ అన్నదని," అంది బుల్లెమ్మ.

ఆ అమ్మాయికి ఒక్క ముక్కా అర్థం కాలేదు. అయినా నవ్వుతూ తలూపి, శ్రీదేవి భుజానికి తల ఆనించింది.