కోల్డు స్టోరేజి కింద మా వాళ్ళు

పొక్లెయిను పళ్ళకి మా అమ్మ సమాధి సిలువ చిక్కుకుని గాల్లోకి లేవడం నా కళ్ళతో చూశాను. డ్రైవరు దాన్ని దులిపి పక్కన పడేసి మళ్ళీ తవ్వాడు. మా పల్లె సమాధుల తోట అది. తాతల నాటి నుంచి మా క్రైస్తవులందరినీ అక్కడే పెట్టాం. దాని మీద ఎమ్మెల్యే వీరబాబు మిరపకాయల కోల్డు స్టోరేజి లేచింది. దాని ముందు సిమెంటు కళ్ళం.

ఆయన ఎట్లా ఎదిగాడో చెబుతాను. మొదట దర్శిలో పురుగుమందుల కొట్టు. ఆయన మందుకి పురుగు చావలేదు, రైతు చచ్చాడు. తర్వాత గుంటూరులో మిర్చి కమీషను వ్యాపారం. రైతుకి తూకంలో తరుగు కోసి కోసి లావెక్కాడు. ఆ డబ్బుతో టిక్కెట్టు, మా ఓట్లతో సీటు. మొదటిసారి గెలిచిన రోజు మా ఏసోబు మామ ఆయన్ని భుజాలకెత్తుకుని ఊరంతా తిప్పాడు. రెండోసారికి పార్టీ మార్చాడు, మూడోసారికి మళ్ళీ మార్చాడు. ఏ పార్టీలో ఉన్నా మా తోట మాత్రం ఆయనదే. కాలవ పక్కన వేరే స్థలం ఇస్తానని ప్రతి క్రిస్మస్‌కీ మా చర్చిలో కేకు కోస్తూ చెప్పాడు. ఈలోగా మా ఆడవాళ్ళు కూలి కోసం ఆ కళ్ళం మీదే కూర్చుని కాయల తొడిమలు తీశారు, సొంత తల్లుల ఎముకల మీద.

శనివారం ఏసోబు మామ పోయాడు. తెల్లారితే ఈస్టరు. సమాధులకు సున్నం కొట్టి కొవ్వొత్తులు పెట్టే రోజు. చర్చిలో మీటింగు పెట్టాం. ఎమ్మెల్యే వ్యాను పంపుతానన్నాడని, శవాన్ని దర్శి సమాధుల తోటకి తీసుకుపోదామని పాస్టరు జయపాల్ గారన్నారు.

"చర్చికి స్లాబు వేయించిన మనిషమ్మా. ఎదిరిస్తే ఎట్లా?"

"ఆ స్లాబు కింద మీరు పడుకోండి అయ్యగారూ," అంది ఏసోబు భార్య కొండమ్మ. "నా మొగుడు వాళ్ళమ్మ పక్కన పడుకుంటాడు."

"పోలీసులొస్తారత్తా!" అన్నాడు ఎలీషా.

"రానీరా. మొయ్యడానికి మనుషులు తక్కువయ్యారు."

చర్చంతా గొల్లుమని నవ్వింది. ఆ నవ్వుతోనే లేచింది.

పొద్దు పొడిచేసరికి శవపెట్టె కళ్ళం మీద ఉంది. చుట్టూ పల్లె మొత్తం, చేతుల్లో పలుగులు, సమ్మెటలు. కబురంది వీరబాబు కారు దిగాడు. వెనక పోలీసు వ్యాను. ఓట్లప్పటిలాగే చేతులు జోడించాడు.

"కొండమ్మా, నేను పరాయివాణ్ణా? మీ ఇంటి బిడ్డని."

కొండమ్మ సమ్మెట ఆయన కాళ్ళ ముందు పడేసింది.

"తండ్రికి బిడ్డే కదయ్యా మట్టి వెయ్యాల్సింది. పట్టు."

ఆయన తన తెల్ల చొక్కా చూసుకున్నాడు. ఎస్సై వైపు చూశాడు. లాఠీలు లేచాయి. ఎలీషా తల పగిలింది. మగవాళ్ళని దొరికినవాణ్ణి దొరికినట్టు వ్యానెక్కించారు, నన్ను కూడా. ఆడపోలీసులు రాలేదు, అందుకే ఆడవాళ్ళ మీద చెయ్యి వెయ్యలేకపోయారు. మా ఆడవాళ్ళు శవపెట్టె చుట్టూ చేతులు కలిపి గోడ కట్టారు. ఆ గోడ లోపల కొండమ్మ కూతురు శాంతి సమ్మెట ఎత్తింది. సిమెంటు పగిలింది. పాస్టరు గారు చెప్పులు విడిచి పలుగందుకున్నారు. వ్యాను కదిలేటప్పటికి గొయ్యి మోకాలి లోతు దిగింది.

సాయంత్రం కొండమ్మత్త స్టేషనుకి అన్నం తెచ్చింది. గోళ్ళలో మట్టి ఇంకా ఉంది.

"మీ మామని వాళ్ళమ్మ పక్కనే పెట్టాంరా," అంది.

అప్పుడే పక్క ఊరి ఖాదర్‌బీ వచ్చి ఆమె పక్కన నిలబడింది. "అక్కా, మా గోరీల మీద ఆ ఎమ్మెల్యే ప్లాట్లేశాడు. వీళ్ళు మాకు తోడొస్తారా?"

"ముందు వీళ్ళకి బెయిలు రానీవమ్మా," అని కసిరాడు కానిస్టేబులు.

"వీళ్ళెందుకు?" అంది కొండమ్మత్త. "సమ్మెట మా ఇంట్లోనే ఉంది. ఎప్పుడు రమ్మంటావు?"